బండి షాక్ అబ్జార్బర్లు మార్చునప్పుడు

శ్రీముఖలింగం పరిసరాలలో వంశధార ఒడ్డు పొలాల నుండి ధాన్యం బస్తాలు గతుకుల బాటలపై తోలు రైతులు ఒకటి గమనించవలెను. బండి బరువును మోయునవి కమాను పట్టీలు. షాక్ అబ్జార్బరు పని ఊపును అణచుట మాత్రమే. లోపలి నూనె సన్నని రంధ్రాల గుండా పోవుచు ఊపును వేడిగా మార్చును. కావున గట్టి షాకులు వేసితిమని అదనపు బస్తాలు ఎక్కించరాదు.

షాకుపై నూనె కారుచున్నను, టైరు అక్కడక్కడ గుంటలుగా అరిగినను, ఖాళీ బండి మూలను నొక్కి వదలిన పలుమార్లు ఊగినను షాకులు మార్చవలెను. చెడిన షాకు చక్రమును నేలకు ఆనించి ఉంచలేదు. బ్రేకు వేసినను బండి ఆలస్యముగా ఆగును.

ఒకే ఇరుసుకు రెండు ప్రక్కలా ఒకేసారి, ఆ మోడలుకు తగిన పొడవు గలవే వేయవలెను. గతుకు బాటలకు వాయువు నింపినవి మేలు. నూనె నురగ పట్టుట తగ్గును. స్ట్రట్‌లో స్ప్రింగు బలముగా నొక్కబడి ఉండును. దానిని ఇంటివద్ద విప్పుట ప్రాణాపాయము.