గింబళి అంటే ఏమిటి?

పిల్లలూ! కథ చదువుతూండగా ఎన్నడూ వినని మాట ఒకటి అడ్డం వచ్చిందనుకోండి. నాన్నగారిని అడిగితే ఆయనకూ తెలియదు. అప్పుడు కొందరు, "ఈ పుస్తకం మనకు అర్థం కాదు" అని మూసేస్తారు. అట్లా మూయనక్కరలేదు. ఆ మాటను రచయితే పుట్టించి ఉండవచ్చు. అర్థం పట్టుకునే ఉపాయం మీ దగ్గరే ఉంది.

ఈ వాక్యం చూడండి: "ముసలి రాక్షసుడు గిన్నెడు జుంబిలి గటగటా తాగి, మూతి తుడుచుకుని, ఇంకా కావాలన్నాడు." జుంబిలి అంటే ఏమిటి? అది తాగేదని "గటగటా" చెప్పింది. వాడికి ఇష్టమని "ఇంకా" చెప్పింది. చుట్టూ ఉన్న మాటలే సాక్ష్యం చెబుతాయన్నమాట.

రెండో ఉపాయం, మాటను ముక్కలు చేయడం. పల్నాడులో దాచేపల్లి దగ్గర నాగులేరు పారుతుంది. ఆ పేరు ఎన్నడూ విననివారికి కూడా చివర "ఏరు" వినగానే నీళ్ళు తోస్తాయి గదా!

1957లో వచ్చిన "మాయాబజార్" చిత్రానికి మాటలు రాసిన పింగళి నాగేంద్రరావుగారు ఇటువంటి మాటలు పుట్టించడంలో దిట్ట. అందులో కంబళికి తోడు గింబళి, తల్పానికి తోడు గిల్పం వస్తాయి. మనం ఇంట్లో "పుస్తకం గిస్తకం" అంటాం. మొదటి అక్షరం బదులు "గి" పెడితే "అటువంటివి" అని అర్థం. ఈ సూత్రం ఎవరూ నేర్పకుండానే మీకు వచ్చు. మామూలుగా గిస్తకం అనే వస్తువు ఉండదు. రాక్షసుల మాయలో మాత్రం గింబళి నిజంగానే ప్రత్యక్షమవుతుంది! నవ్వంతా అక్కడే ఉంది.

ఆ చిత్రంలోనే "తసమదీయులు" అనే మాట ఉంది. "అస్మదీయులు" అంటే మనవాళ్ళు. రాక్షసుల నోట అది "అసమదీయులు" అయింది. దాని పక్కన నిలబెట్టారు గనుక, తసమదీయులంటే పగవాళ్ళని ఇట్టే తెలిసిపోతుంది. ఘటోత్కచుడు ఆ మాట పుట్టించినవాణ్ణి కోప్పడక, మెచ్చుకుని వీరతాడు వేయిస్తాడు.

అయితే, వింతగా వినిపించిన ప్రతి మాటా కల్పితం కాదు. 1951 నాటి "పాతాళభైరవి"లో మాంత్రికుడు తోటరాముణ్ణి "డింభకా" అని పిలుస్తాడు. అది కల్పితమనిపిస్తుంది గాని, డింభకుడంటే సంస్కృతంలో బాలుడు. అందుకే మూడో ఉపాయంగా నిఘంటువు కూడా తిరగేయండి.

కల్పిత మాటలు కూడా ఒక్కొక్కప్పుడు నిఘంటువుకెక్కుతాయి. లూయీ కారల్ అనే ఆంగ్ల రచయిత 1871లో తన పిల్లల పుస్తకంలో "చార్టిల్" అనే మాట వాడాడు. ఉల్లాసంగా కిలకిలలాడడమని దాని అర్థం. ఈనాడు అది ఇంగ్లీషు నిఘంటువులన్నిటిలోనూ ఉంది.

పెద్దలకొక మాట. మీ పిల్లలు కొత్తమాట కల్పిస్తే తప్పని కసరకండి. అది ఎట్లా పుట్టిందో చెప్పమనండి. చక్కగా చెప్పారా, ఒక వీరతాడు వేయండి!