లారీ బలం తగ్గినదా? పంపు మార్చే ముందు సెన్సర్ వైరు చూడండి

లారీ రోడ్డు మీద తిరిగినంత కాలమే కిరాయి వస్తుంది, కిరాయి వచ్చినంత కాలమే వాయిదా సక్రమంగా చెల్లుతుంది. బండి షెడ్డులో నిలిచినా వాయిదా తేదీ మాత్రం నిలవదు. అందుచేత ఇంజన్ లోపాన్ని సరిగా గుర్తించడం మెకానిక్‌కు ఎంత ముఖ్యమో, రుణగ్రహీతకూ అంతే ముఖ్యం.

ఆ మధ్య మా శాఖ రుణగ్రహీత ఒకరు మరమ్మతు కొరకు అదనపు రుణం కావాలని వచ్చారు. మిర్యాలగూడ మిల్లుల నుండి కాకినాడ రేవుకు బియ్యం చేరవేసే లారీ ఆయనది. నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ బలం తగ్గి, హెచ్చరిక దీపం వెలుగుతోంది. ఒక షెడ్డులో ఇంధన ప్రెషర్ సెన్సర్ మార్చారు. వారం తిరగకుండానే లోపం మళ్లీ కనిపించింది. ఈసారి హై ప్రెషర్ పంపే మార్చాలన్నారు. రుణం సిఫారసు చేసే ముందు వేరొక మెకానిక్ చేత పరీక్ష చేయించమని కోరాను. సెన్సర్‌కు వెళ్లే వైరు ఒక ఇనుప పట్టీకి రాసుకొని తొడుగు అరిగిపోయి ఉన్నది. వైరు సరిచేసి గట్టిగా కట్టించగా, బండి మరునాడే లోడుకు వెళ్లింది. పాత సెన్సరూ మంచిదే, పంపూ మంచిదే!

సెన్సర్ చేసే పని

2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజ్-6 లారీలలో డీజిల్ కామన్ రెయిల్ పద్ధతిలో అందుతుంది. లారీ టైరులో గాలి ఒత్తిడి సుమారు 8 బార్లు. ఈ రెయిల్‌లో డీజిల్ ఒత్తిడి 1,600 బార్లు కూడా దాటవచ్చు. రెయిల్‌కు బిగించిన సెన్సర్ ఆ ఒత్తిడిని వోల్టేజీగా మార్చి ఇంజన్ కంప్యూటరుకు తెలియజేస్తుంది. ఆ సమాచారం తప్పుగా అందితే కంప్యూటరు ఇంజన్ రక్షణ కొరకు బలాన్ని తగ్గిస్తుంది. ఒక్కొక్కప్పుడు ఇంజన్ స్టార్టే కాదు.

వరుసగా చేయించవలసిన పరీక్షలు

1. మొదట స్కానర్‌తో కోడ్ చదివించండి. భారీ వాహనాలలో ఎస్‌.పి.ఎన్‌. 157 అనేది రెయిల్ ఒత్తిడికి సంబంధించినది. దాని ప్రక్కన ఎఫ్‌.ఎం.ఐ. 3 లేదా 4 ఉంటే వోల్టేజీ తేడా. అనుమానం వైరు, కనెక్టరు, సెన్సర్‌ల మీద ఉండాలి. 1 లేదా 18 ఉంటే ఒత్తిడే తక్కువగా నమోదైనదని అర్థం.

2. ఒత్తిడి తక్కువైతే చౌక పనులు ముందు. డీజిల్ ఫిల్టరు మూసుకుపోయిందేమో, అందులో నీరు చేరిందేమో, ట్యాంకు నుండి వచ్చే గొట్టంలో గాలి చొరబడుతోందేమో చూడాలి.

3. రాత్రంతా నిలిపిన బండికి ఉదయం తాళం మాత్రమే ఆన్ చేసి స్కానర్‌లో చూడండి. ఒత్తిడి దాదాపు సున్నా చూపాలి. ఇంజన్ తిరగకుండానే వందల బార్లు చూపితే సెన్సరో, దాని వైరో తప్పు చెబుతున్నట్లే.

4. చాలా సెన్సర్‌లకు మూడు వైర్లుంటాయి. కనెక్టరు విప్పి మల్టీమీటరుతో చూస్తే సరఫరా, ఎర్త్ వైర్ల మధ్య 5 వోల్టులు రావాలి. రాకపోతే కొత్త సెన్సర్ వేసినా ప్రయోజనం లేదు. కనెక్టరు తిరిగి తగిలించాక, ఒత్తిడి లేనప్పుడు మూడవ వైరులో సాధారణంగా సుమారు అర వోల్టు ఉంటుంది. ఖచ్చితమైన అంకెలకు తయారీదారుని పుస్తకమే ప్రమాణం.

5. వైరును కదిలిస్తూ స్కానర్ అంకెను గమనించండి. అంకె ఎగిరిపడితే లోపం ఆ వైరులోనే ఉన్నది.

ప్రాణాపాయం సుమా!

ఇంజన్ నడుస్తుండగా హై ప్రెషర్ గొట్టాల నట్లు ఎన్నడూ వదులు చేయరాదు. ఎగజిమ్మే సన్నని డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకొని లోనికి పోతుంది. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను.

రుణగ్రహీతలకు, డీలర్లకు

మోటారు బీమా సాధారణంగా యాంత్రిక, విద్యుత్ లోపాలకు వర్తించదు, ఖర్చు మీదే. కనుక పెద్ద భాగం మార్చమన్నప్పుడు కోడ్, కొలతలు కాగితం మీద వ్రాయించుకొనండి, తీసివేసిన పాత భాగాన్ని అడిగి తీసుకొనండి. డీలర్లు ఆ కాగితాన్ని అడగకుండానే ఇస్తే కొనుగోలుదారుకు నమ్మకం కలుగుతుంది.

బండి నిలిచిపోతే ఆ సంగతి వెంటనే మీ శాఖకు తెలియజేయండి. బాకీ 90 రోజులు మించితే ఖాతా నిరర్థక ఆస్తిగా మారుతుంది. అంతవరకు ఆగక ముందే వస్తే, మార్గం వెదకడానికి మీకూ మాకూ వ్యవధి ఉంటుంది.