రెండెకరాల ఇరవై గుంటలు ఇంటూ ఆరు వేలు

పట్టాదారు పాసు పుస్తకంలో 2.20 అని ఉంటుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ఆ అంకెను పెద్దవాళ్లెవరూ తప్పు చదవరు. రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి రెండున్నర ఎకరాలు. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే రైతు భరోసా సాయం ఎకరాకు సీజన్‌కు 6,000 రూపాయల లెక్కన చూస్తే గుంటకు 150. తండ్రి వేళ్లయినా ముడవకుండా 15,000 అనేస్తాడు. అదే పుస్తకం ఏడో తరగతి బిడ్డ చేతికిచ్చి "ఎంతొస్తది బిడ్డా?" అని అడిగితే, బడిలో నేర్పినట్టే 2.20ని 6,000తో గుణించి "పదమూడు వేల రెండు వందలు నాయినా" అనే అవకాశమే ఎక్కువ. 1,800 రూపాయలు గాలికి పోయాయి. గుణకారం మాత్రం ఒక్క అంకె తప్పు పోలేదు. బడిలో చుక్క తర్వాత వచ్చేవి పదో వంతులు, వందో వంతులు. పొలం చుక్క తర్వాత వచ్చేవి నలభయ్యో వంతులు. ఈ రెండు చుక్కలూ వేరని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

లెక్కల్లో ఏది గిట్టదని పదో తరగతి పిల్లల్ని అడిగితే త్రికోణమితి పేరు వస్తుంది. సరూప త్రిభుజాల సిద్ధాంతాలు, సంవర్గమానాలు, వర్గ సమీకరణాలు ఆ వెనకే వస్తాయి. లెక్కల సార్లనడిగినా జాబితా పెద్దగా మారదు. నాకు ఆ జాబితా మీద ఒక అనుమానం ఉంది. జ్వరం ఎక్కడ బయటపడిందో అది చెబుతుంది, ఎక్కడ మొదలైందో చెప్పదు. మొదలైన చోటు నాలుగైదేళ్లు వెనక్కి ఉంటుంది. దాని పేరు భిన్నాలు.

దేశం మొత్తం అంకెలు ముందు చూద్దాం. 2024 డిసెంబర్ 4న జరిగిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ అనే జాతీయ పరీక్షలో 781 జిల్లాల నుంచి 21 లక్షల మందికి పైగా విద్యార్థులు పరీక్ష రాశారు. గణితంలో సగటు స్కోరు మూడో తరగతిలో 60 శాతం, ఆరో తరగతిలో 46, తొమ్మిదో తరగతిలో 37. భాషలో కూడా జారుడు ఉంది, కానీ అది 64, 57, 54. అంటే పై తరగతులకు పోయేకొద్దీ చదవడం కాస్త సన్నగిల్లితే, లెక్క కుప్పకూలుతోంది. ఆరో తరగతిలో సగం, పావు, మూడో వంతు లాంటి మామూలు భిన్నాలను చూపించి, పోల్చి చెప్పగలిగినవాళ్లు 29 శాతమే. పది మందిలో ముగ్గురు కూడా లేరు.

పల్లెల్లో ఇళ్లకే వెళ్లి పిల్లల్ని పరీక్షించే అసర్ సర్వే ఇదే కథను ఇంకో వైపు నుంచి చెబుతుంది. 2024లో దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు ఐదో తరగతిలో 30.7 శాతం, ఎనిమిదో తరగతిలో 45.8 శాతం. మూడేళ్లు బడికి పోయినందుకు అదనంగా చేరింది నూటికి 15 మందే. భాగహారాన్ని పిల్లలు ఊరికే అసహ్యించుకోరు. ఒక్క లెక్కలో ఎక్కం గుర్తుండాలి, గుణించాలి, తీసేయాలి, పక్క అంకెను కిందికి దించాలి, మళ్లీ మొదటికి రావాలి. తీసివేతలో అప్పు తెచ్చుకోవడం ఒకటి మధ్యలో. 824ని 8తో భాగించి 13 అని రాసే పిల్లల నోటుపుస్తకాలు ఏ బడిలోనైనా దొరుకుతాయి. జవాబు 103. నడుమ రావాల్సిన సున్నా దారిలో జారిపోయింది. 800ని ఎనిమిది మందికి పంచితేనే తలా వంద వస్తుంది కదా అని తోచిన పిల్ల 13 దగ్గర ఆగి వెనక్కి చూస్తుంది. తోచని పిల్ల గీత గీసి తర్వాతి లెక్కకు పోతుంది.

ఇక భిన్నాలు. 1978లో అమెరికాలో జాతీయ స్థాయి పరీక్షలో 13 ఏళ్ల పిల్లల్ని ఒక ప్రశ్న అడిగారు: 12/13, 7/8 కలిపితే సుమారుగా ఎంత? 1, 2, 19, 21 అని నాలుగు జవాబులిచ్చారు. రెండూ దాదాపు ఒకటేసి కాబట్టి మొత్తం 2. అది చెప్పినవాళ్లు 24 శాతం. 19 అన్నవాళ్లు 28 శాతం, 21 అన్నవాళ్లు 27 శాతం. లవాలను కలిపితే 19, హారాలను కలిపితే 21. సగం మందికి పైగా 12/13ను ఒక సంఖ్యగా చూడలేదు, గీతకు పైనొకటి కిందొకటి ఉన్న రెండు సంఖ్యలుగా చూశారు. మన పిల్లల తప్పు కూడా సరిగ్గా ఇదే. 2012లో అమెరికా, బ్రిటన్ విద్యార్థుల సమాచారంతో వచ్చిన ఒక పరిశోధన, పదేళ్ల వయసులో భిన్నాలు, భాగహారం ఎంత బాగా వచ్చో చూసి హైస్కూల్‌లో బీజగణితం ఎలా ఉంటుందో అంచనా కట్టవచ్చని తేల్చింది. కుటుంబ ఆదాయాన్నీ తెలివితేటల పరీక్షనూ లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ సంబంధం నిలిచింది.

తెలంగాణ పదో తరగతి గణితం పుస్తకం తీసి చూడండి. 14 అధ్యాయాలు. సమితులను పక్కన పెడితే తక్కిన 13లో ఎక్కడో ఒకచోట భిన్నం కాలికి తగులుతుంది. బహుపదుల శూన్యాలకూ గుణకాలకూ ఉన్న సంబంధం, నిరూపక జ్యామితిలో వాలు, సరూప త్రిభుజాల్లో భుజాల నిష్పత్తి, వృత్తంలో సెక్టారు వైశాల్యం, క్షేత్రమితిలో 22/7, సంభావ్యత మొత్తం. త్రికోణమితి అయితే పేరు మార్చుకున్న భిన్నాల పాఠమే. సైన్ 30 డిగ్రీలంటే 1/2. సైన్ 60 అంటే 2 కింద, 3 వర్గమూలం పైన. పట్టిక బట్టీ పట్టిన పిల్లకు ఇవి మంత్రాలు. కర్ణంలో ఎదుటి భుజం ఎన్నో వంతు అని చూసిన పిల్లకు ఒక కొలత.

ఇంతకీ ఈ నేల భిన్నాలకు కొత్తదా? విచిత్రం అక్కడే ఉంది. తెలుగు లిపిలో భిన్నాలకు విడిగా గుర్తులున్నాయి, అవి పదుల మీద కాక నాలుగుల మీద నడిచాయి. పావు, పావులో పావు వీసం, అలా కిందికి. ఇలాంటి ఏడు గుర్తులకు 2008లో యూనికోడ్‌లో చోటు దొరికింది. రూపాయి కూడా అదే దారి: 16 అణాలు, అణాకు 4 పైసలు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చి రూపాయిని నూరు నయా పైసలు చేశాయి. అణా విలువ ఆరుంపావు పైసలైంది. అప్పటివరకు సగం, అందులో సగం, మళ్లీ అందులో సగం అని నోటితో నడిచిన లెక్క, ఆ రోజు నుంచి చుక్కతో నడవాల్సి వచ్చింది. నోటి మాటలో మాత్రం పావుకిలో, ముప్పావు గంట, పావుతక్కువ మూడు ఇప్పటికీ పోలేదు.

గద్వాల వైపు నడిగడ్డలో వెనకటి పెద్దలకు దీనికంటే కష్టమైన భిన్నం వచ్చేది. నిజాం రాజ్యంలో చెలామణి అయింది హాలీ సిక్కా. తుంగభద్ర దాటితే కర్నూలు, అది మద్రాసు రాష్ట్రం, అక్కడ నడిచేది ఇంగ్లీషోళ్ల కల్దార్ రూపాయి. 7 హాలీలకు 6 కల్దార్లు మారకం. నూరు కల్దార్లంటే 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు. అలంపూర్ నుంచి ఏరు దాటి కర్నూలు అంగట్లో బేరం చేసేవాడికి నిష్పత్తి అనే పాఠం ఎవరూ చెప్పలేదు, చెప్పకపోయినా మోసపోకూడదు కదా. 2011 జనాభా లెక్కల్లో నేటి జోగులాంబ గద్వాల జిల్లా అక్షరాస్యత 50 శాతం కూడా అందుకోలేదు. ఇంట్లో హోంవర్క్ దిద్దే మనిషి లేకపోవడం నిజమే. లెక్క తెలిసిన మనిషి లేడనడం మాత్రం అబద్ధం.

అయినా పిల్లలు వెనకబడటానికి ఈ ప్రాంతంలో ఇంకో కారణం కూడా కనిపిస్తుంది. గద్వాల చుట్టుపక్కల విత్తన పత్తి పెద్ద సాగు. సాయంత్రం పూల మొగ్గలు విప్పి, మరునాడు పొద్దున్నే మగపువ్వుతో రుద్దే క్రాసింగ్ పని వానాకాలంలోనే వస్తుంది, ఆ పనికి చిన్న వేళ్లను పిలవడం ఇక్కడ చాలాకాలంగా ఉన్న జబ్బు. బడి జూన్‌లో తెరుస్తారు. ఏడో తరగతి గణితంలో మొదటి అధ్యాయం పూర్ణసంఖ్యలు, రెండోది భిన్నాలు, దశాంశాలు, అకరణీయ సంఖ్యలు. మూడోది సమీకరణాలు. సాంఘికంలో ఒక పాఠం పోతే తర్వాతి పాఠానికి పెద్ద నష్టం లేదు. లెక్కల్లో రెండో అధ్యాయానికి పొలంలో ఉన్న పిల్ల మూడో అధ్యాయానికి బడికొస్తే, బోర్డు మీద సారు రాసేది వేరే ఊరి భాషలా ఉంటుంది. తల్లిదండ్రుల వెంట వలస పోయి వచ్చే పిల్లలదీ అదే గతి.

బీజగణితానికి దాని సొంత మెలిక ఒకటి ఉంది. 1981లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో ఇంజనీరింగ్ మొదటి ఏడాది విద్యార్థులకు ఒక వాక్యం ఇచ్చారు: ఈ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్లకు ఆరు రెట్లు విద్యార్థులున్నారు. దాన్ని సమీకరణంగా రాయమంటే 37 శాతం మంది తప్పు రాశారు, ఎక్కువ మంది ఆరును విద్యార్థుల పక్కన పెట్టేశారు. ఇంజనీరింగ్ పిల్లలే ఇలా రాస్తే ఈ జిల్లాల్లోని గట్టు, బల్మూరు మండలాల బడిపిల్లలను తిట్టడం దేనికి? "3ఎ అంటే మూడు ఆపిళ్లు" అని చెప్పే అలవాటుకు ఇందులో వాటా ఉందని నా నమ్మకం. అక్షరం ఆపిల్‌కు గుర్తు కాదు, ఆపిళ్లు ఎన్నో చెప్పే సంఖ్యకు గుర్తు.

గిట్టని సబ్జెక్టును తప్పించుకునే దారులు పిల్లలకు తెలుసు. పదిలో 35 శాతానికి సరిపడా అధ్యాయాలు ఏరుకుని, ఇంటర్‌లో బైపీసీకి మళ్లుతారు. ఎంపీసీలో చేరితే ఒకటి ఎ, ఒకటి బి, రెండు ఎ, రెండు బి అని 75 మార్కుల పేపర్లు నాలుగు. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో నడిచే ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సీటు కావాలన్నా పాలిసెట్ 120 ప్రశ్నల్లో 60 లెక్కలవే. కొందరు అక్కడి దాకా వచ్చి ఆగిపోతారు.

భిన్నంతో భాగించడం అందరికీ చేదే, చెప్పేవాళ్లతో సహా. లిపింగ్ మా అనే పరిశోధకురాలు 1999లో వెలువరించిన పుస్తకంలో పోల్చిన అమెరికా, చైనా టీచర్లను ఒకటిమ్ముప్పావును సగంతో భాగించి, దానికి సరిపోయే కథ ఒకటి చెప్పమన్నారు. 72 మంది చైనా టీచర్లలో 65 మంది చెప్పగలిగారు. 23 మంది అమెరికన్లలో అర్థం చెడకుండా చెప్పింది ఒక్కరే. ఎక్కువ మంది సగంతో భాగించమంటే సగం చేసేశారు.

ఆ కథ నాగర్‌కర్నూల్ పొలం గట్టు మీద సులువు. ఎకరాముప్పావు చెలక ఉంది, అరెకరం మడులు వేయాలి, ఎన్ని పడతాయి? ఎకరాముప్పావు అంటే 70 గుంటలు, మడికి 20. మూడు మళ్లు పోగా 10 గుంటలు మిగులుతాయి. అప్పుడు అసలు ప్రశ్న వస్తుంది: జవాబులో మూడు పక్కన పది రాయాలా, సగం రాయాలా?