మాటలు ఆలస్యమైతే ఎంతకాలం ఆగాలి?

"మావాడికి రెండేళ్లు నిండాయండీ. అమ్మ, తాత, టాటా తప్ప ఇంకేం అనడు. స్పీచ్ థెరపీ పెట్టించాలా, ఇంకొన్నాళ్లు ఆగొచ్చా?" ఏలూరులో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్న నాకు ఇది దాదాపు రోజూ ఎదురయ్యే ప్రశ్న. తల్లి అడగడం పూర్తయ్యేలోపే పక్కనున్న నానమ్మ అందుకుంటుంది: "వాళ్ల నాన్నకీ నాలుగో ఏడు దాకా మాటలు రాలేదమ్మా. ఇప్పుడు చూడు, బ్యాంకులో ఆఫీసరు!" ఇద్దరిదీ బిడ్డ మీద ప్రేమే. కానీ ఈ రెండు మాటల మధ్య నిర్ణయం ఎటూ తేలక నెలలు గడిచిపోతాయి.

నేను చెప్పేది ముందే చెప్పేస్తాను. మాటలు ఆలస్యమైన ప్రతి బిడ్డకూ థెరపీ అక్కర్లేదు. కానీ ప్రతి బిడ్డకూ ఒకసారి చెవుల పరీక్ష, భాషా వికాస పరీక్ష జరగాలి. థెరపీ కావాలా వద్దా అన్నది ఆ తర్వాత తేలాల్సిన సంగతి. చాలా ఇళ్లలో పరీక్షనే థెరపీ అనుకుని, పేరు పడుతుందేమోనని వెనకాడుతున్నారు.

నానమ్మ మాటలో నిజమెంత?

నానమ్మ చెప్పింది కల్పన కాదు. రెండేళ్ల పిల్లల్లో నూటికి పది, పదిహేను మందికి మాటలు ఆలస్యమవుతాయి. వాళ్లలో సగానికి పైగా బడికెళ్లే వయసుకల్లా తోటివాళ్లను అందుకుంటారు. వచ్చిన చిక్కల్లా ఎవరు అందుకుంటారో, ఎవరు వెనకబడతారో రెండేళ్ల వయసులో ఖాయంగా చెప్పలేకపోవడమే.

పైగా "వాళ్ల నాన్నకీ ఆలస్యమే" అన్న మాటను ఇంట్లో ధైర్యం కోసం చెప్పుకుంటారు గానీ, మేం దాన్ని జాగ్రత్త పడాల్సిన గుర్తుగా రాసుకుంటాం. భాషకు సంబంధించిన ఇబ్బందులు కుటుంబాల్లో కొనసాగే అవకాశం ఉంది. తండ్రికో మేనమామకో మాటలు ఆలస్యంగా వచ్చుంటే, ఆ బిడ్డను ఇంకొంచెం తొందరగా చూపించాలి. "మగపిల్లలకు ఆలస్యంగానే వస్తాయి" అనేదీ అంతే. ఆడపిల్లలతో పోలిస్తే తేడా ఉన్నమాట నిజమే గానీ అది కొద్దిపాటిదే. రెండేళ్లు నిండినా మాటలు లేకపోతే, మగపిల్లాడు కదా అని సరిపెట్టుకోకూడదు.

మాటల్ని ఎలా లెక్కపెట్టాలి?

రెండేళ్లు నిండేసరికి పిల్లలు సుమారు 50 మాటలు అనాలి, రెండేసి మాటలు కలపాలి అన్నది మేం చాలాకాలంగా వాడుతున్న కొలమానం. "నాన్న రా", "బువ్వ వద్దు", "తాత బండి" లాంటివి కలిపి అనడమన్నమాట. అంతకంటే తక్కువ ఉంటే మాటలు ఆలస్యమైనట్టు లెక్క.

ఇక్కడ తల్లిదండ్రులు తరచూ తక్కువ లెక్కేస్తారు. స్పష్టంగా పలికితేనే మాట అనుకుంటారు. పాలను ప్రతిసారీ "పాయి" అంటుంటే అది మాటే. బువ్వ, లాల, జేజ, బౌబౌ, అంబా... అన్నీ మాటలే. తెలుగులో పాలు, ఇంగ్లీషులో మిల్క్ రెండూ అంటే రెండూ లెక్కలోకి వస్తాయి. అందుకే ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి, వారం రోజులు ఇంట్లో ఎవరు విన్న మాట వాళ్లు రాయమంటాను. "అయిదారుకి మించి రావండీ" అన్న తల్లి ఇరవైకి పైగా మాటలతో వచ్చిన సందర్భాలున్నాయి.

అయితే ఈ లెక్క ఒక్కటీ చాలదు. ఇద్దరు పిల్లల సంగతి చెబితే ఎందుకో అర్థమవుతుంది.

ఒక బాబుకు రెండేళ్లు దాటాయి. మాటలు పట్టుమని పది లేవు. కానీ గదిలోకి రాగానే పైన తిరుగుతున్న ఫ్యానును వేలితో చూపించి, వాళ్లమ్మ వైపు చూశాడు. "చూశావా?" అన్నట్టు. బంతి సోఫా కిందకి దొర్లితే నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి, నా ముఖంలోకి చూసి "ఆ... ఆ" అన్నాడు. "తాతయ్య కళ్లజోడు ఏదీ?" అంటే తాత జేబు తడిమాడు. ఒక పాపకు రెండేళ్లు ఇంకా నిండలేదు. ఫోన్‌లో పాటలు చూసి వన్ నుంచి టెన్ దాకా చెబుతుంది, రంగుల పేర్లు చెబుతుంది. ఇంట్లోవాళ్లకు ఎంతో మురిపెం. కానీ పేరు పెట్టి పిలిస్తే తిరగదు. ఏదీ వేలితో చూపించదు. నీళ్లు కావాలంటే అడగదు, ఏడుస్తుంది. మాటలు లెక్కపెడితే పాప ముందుంది. ఇద్దరిలో ముందుగా సాయం కావాల్సింది మాత్రం పాపకే.

మనం చెప్పేది అర్థం చేసుకోవడం, వేలితో చూపించడం, తనకు నచ్చినదాన్ని మనతో పంచుకోవడం, రకరకాల హల్లులు పలకడం, బొమ్మకు అన్నం పెట్టినట్టు ఆడటం... ఇవన్నీ ఉన్న బిడ్డ తనంతట తానే మాటలు అందుకునే అవకాశం ఎక్కువ. ఇవి లేని బిడ్డకు ఇరవై మాటలున్నా మేం ఆగం.

అర్థమవుతోందో లేదో ఇంట్లోనే చూడొచ్చు, ఒక్క జాగ్రత్త తీసుకుంటే. "మావాడికి అన్నీ అర్థమవుతాయండీ" అన్న తల్లిని చేతులు ఒళ్లో పెట్టుకుని, "బంతి ఏదీ?" అని అడగమంటాను. చేతులు కదలవు గానీ ఆమె చూపు బంతి మీదకు పోతుంది. బిడ్డ ఆ చూపును పట్టుకుని వెళ్లి బంతి తెచ్చేస్తాడు. అది తెలివే, మంచి లక్షణమే. కానీ మాట అర్థమైందో లేదో మనకు తెలియలేదు. ఈసారి బిడ్డ ముఖంలోకే చూస్తూ అడగండి. "స్నానానికి పద" అన్నది చేతిలో తువ్వాలు లేకుండా, "బయటికెళ్దామా" అన్నది చెప్పులు వేసుకోకుండా చెప్పి చూడండి.

కుక్కర్ విజిల్ పరీక్ష చాలదు

చెవులు చూపించారా అని అడిగితే, "కుక్కర్ విజిల్ వేస్తే ఉలిక్కిపడతాడండీ, వినికిడికేం లోటు లేదు" అంటారు. వినికిడి పూర్తిగా ఉండటం, అసలే లేకపోవడం అని రెండే రకాలు కావు. కుక్కర్ విజిల్, బుల్లెట్ బండి చప్పుడు వినపడి, "స", "త", "క" లాంటి మెత్తటి శబ్దాలు వినపడని పిల్లలుంటారు. మాట సగం సగం చేరితే బిడ్డ దాన్ని నేర్చుకోవడం కష్టం. తరచూ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి తగ్గుతుంటుంది. అది చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది, లేదంటే చిన్న చికిత్సతో నయమవుతుంది.

మన రెండు రాష్ట్రాల్లో మేనరికాలు ఎక్కువ. దగ్గరి సంబంధాల్లో పుట్టిన పిల్లలకు పుట్టుకతో వినికిడి లోపం వచ్చే అవకాశం పెరుగుతుంది. ఆ ఇళ్లలో ఈ పరీక్ష అసలు వాయిదా వేయకూడదు. ఓఏఈ అనే వినికిడి పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు. చెవిలో చిన్న ప్రోబ్ పెడతారు, నొప్పి ఉండదు. ఇంకా వివరంగా కావాలంటే బిడ్డ నిద్రపోతున్నప్పుడు బెరా పరీక్ష చేస్తారు. పుట్టినప్పుడు పరీక్ష బాగానే వచ్చినా, మాటలు ఆలస్యమైతే మళ్లీ చేయించాల్సిందే.

ఎప్పుడు ఆగకూడదు?

ఏడాది నిండినా తాతతాత, బబ్బబ్బ అంటూ ముద్దుపలుకులు రాకపోయినా, టాటా చెప్పడం, వేలితో చూపించడం లాంటివి లేకపోయినా, పేరు పిలిస్తే తిరగకపోయినా, 16 నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు సొంతంగా రెండు మాటలు కలపకపోయినా వెంటనే చూపించండి. వచ్చిన మాటలు పోతుంటే, అది ఏ వయసులోనైనా, ఆ వారమే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

చూపించాక వినికిడి బాగుందని తేలింది, అర్థం చేసుకుంటున్నాడు, సైగలు చేస్తున్నాడు, నెలనెలా కొత్త మాటలు చేరుతున్నాయి అనుకోండి. అప్పుడు ఆగొచ్చు. ఆ మాట నేనే చెబుతాను. కాకపోతే మూడు నెలల తర్వాతి తేదీ క్యాలెండర్లో రాయిస్తాను. ఆ రోజుకు కొత్త మాటలు ఎన్ని చేరాయో, రెండేసి కలుపుతున్నాడో లేదో చూస్తాం. చేరకపోతే థెరపీ మొదలుపెడతాం.

థెరపీలో ఏం చేస్తారు?

రెండేళ్ల బిడ్డను కుర్చీలో కూర్చోబెట్టి "యాపిల్ అను" అనిపించడం థెరపీ కాదు. ఈ వయసులో సగం పాఠం తల్లిదండ్రులకే. నేను వారంలో చూసేది గంటో రెండు గంటలో. మిగతా కాలమంతా బిడ్డ మీ దగ్గరే ఉంటాడు.

దోశ తినేటప్పుడు బిడ్డ "దోశ" అంటే, మీరు "వేడి దోశ" అనండి. ఒక్క మాటే కలపండి. "ఇదేంటి? అదేంటి? చెప్పు చెప్పు" అని పరీక్షలు పెట్టకండి. చేస్తున్న పనిని చిన్న మాటల్లో చెప్పండి: నీళ్లు పోద్దాం, బుడగలు వచ్చాయి, అయిపోయాయి. ఒక మాట అన్నాక ఆగి, బిడ్డ ముఖంలోకి ఆశగా చూడండి. అన్నిటికంటే కష్టమైంది ఈ ఆగడమే. "బాల్ అంటేనే ఇస్తా" అని బలవంతపెట్టకండి. మాట్లాడటమంటేనే భయం పట్టుకుంటుంది.

ఇక తరచూ వినే సందేహాలు. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడాలా అని హైదరాబాద్ నుంచీ అమెరికా నుంచీ కూడా అడుగుతారు. అక్కర్లేదు. రెండు భాషల వల్ల మాటల ఆలస్యం రాదు. మీకు బాగా వచ్చిన భాషలో మాట్లాడితేనే బిడ్డకు నిండైన భాష అందుతుంది. అమెరికాలో మూడేళ్లలోపు పిల్లలుంటే, డాక్టరు చీటీ లేకుండానే మీ రాష్ట్ర ఎర్లీ ఇంటర్వెన్షన్ కార్యక్రమాన్ని నేరుగా అడగొచ్చు. పరీక్ష ఉచితం. నాలుక కింద పొర కోయించడం వల్లో, వస కొమ్ము అరగదీసి నాకించడం వల్లో మాటలు రావు. రెండేళ్లలోపు పిల్లలకు ఫోన్, టీవీ అసలు వద్దని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. ఫోన్ తీసేయడం మంచిదే. అది తీసేశాం కదా అని పరీక్ష మానేయకండి. అందరి నోటా వినిపిస్తున్న "వర్చువల్ ఆటిజం" అన్న పేరు వైద్యుల రోగనిర్ధారణ గ్రంథాల్లో లేదు. ఆటిజం అనుమానం ఉంటే దానికి వేరే పరీక్షలున్నాయి.

డబ్బు లేదని ఆగనక్కర్లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. వినికిడి లోపం, భాషా వికాసంలో ఆలస్యం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అవసరమైనవాళ్లను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపిస్తారు. అంగన్‌వాడీ టీచరును, ఆశా కార్యకర్తను అడగండి. సికింద్రాబాద్‌లో మాట, వినికిడి సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ప్రైవేటులో చూపించుకుంటే ఆ థెరపిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో మొహమాటం లేకుండా అడగండి. నన్ను అడిగినా నేనేం అనుకోను.

పరీక్ష చేయించాక అంతా బాగుందని తేలితే మీరు కోల్పోయేది ఒక పూట. లోపమేదో ఉండి చూపించకపోతే, మాటలు నేర్చుకోవడానికి బిడ్డకు అన్నిటికంటే అనువైన నెలలు పోతాయి. మీ ఇంట్లో రెండేళ్ల బిడ్డ ఉండి, ఈ సందేహం మనసులో మెదులుతుంటే, ముందు చెవుల పరీక్షకు ఈ వారంలోనే ఒక రోజు పెట్టుకోండి.