పాత మోటారుసైకిలును క్రొత్తగా నడుపువారు చేయు పొరపాట్లు

తాతలనాటి పొలమును, ఇల్లును మనుమలకు సంక్రమించుట మన పల్నాటిలో వింత గాదు. ఈ నడుమ మాచర్ల ప్రాంతమున మఱియొక సొత్తు కూడ మనుమల చేతికి వచ్చుచున్నది. పశువుల కొట్టములోనో, వసారా మూలనో గోనెపట్టా కప్పుకొని యేండ్ల తరబడి నిలిచియున్న బుల్లెట్టునో, జావానో, రాజ్‌దూతునో బయటికి దీసి, కడిగి, రంగు వేయించి, కాలేజీకి పోవు పిల్లలు నడుపుచున్నారు. చూచుటకు ముచ్చటగానే యుండును. నాబోటి నలుబది దాటినవారికి ఆ చప్పుడు చెవిని బడగానే చిన్ననాడు తండ్రి యింటికి వచ్చు వేళ జ్ఞప్తికి వచ్చును. కాని గత వేసవిలో జరిగిన యొక సంగతి మూలమున ఆ ముచ్చటతోపాటు నాకు కొంత భయమును కలిగినది. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము.

మన పాఠశాలలో చదివి వెళ్లిన యువకుడొకడు తన తండ్రి విడిచిపోయిన బుల్లెట్టుపై సాగరు రోడ్డున వచ్చుచుండెను. ముందు పోవుచున్న నాపరాళ్ల లారీ యకస్మాత్తుగా నిలిచెను. ఇతడు కుడికాలితో బలముకొలది త్రొక్కెను. బండి నిలువలేదు. లారీని తప్పింపబోయి రోడ్డు ప్రక్కకు దిగి పడిపోగా, మణికట్టు విఱిగెను. శిరస్త్రాణ ముండుటచేత తలకు దెబ్బ తగులలేదు. నేను చూడబోయినప్పుడు అతడు పదే పదే చెప్పిన మాట యొక్కటే: "బ్రేకు తొక్కాను సార్, పడలేదు." తరువాత మెకానిక్కు ఆ బండిని పరీక్షించి బ్రేకులలో లోపమేమియు లేదని తేల్చెను. లోప మెట్లుండును? అతడు త్రొక్కినది బ్రేకు గాదు, గేరు.

చదువరులలో కొందఱికి ఇది నమ్మశక్యము గాకపోవచ్చును గనుక కొంచెము వివరింతును. నేడు అంగళ్లలో అమ్ముచున్న మోటారుసైకిళ్లకు గేరు ఎడమకాలి క్రిందను, వెనుక బ్రేకు కుడికాలి క్రిందను ఉండును. పాత బుల్లెట్టునకు ఇది పూర్తిగా తలక్రిందు. గేరు కుడి ప్రక్కను, బ్రేకు ఎడమ ప్రక్కను ఉండును. అంతియేకాదు, క్రొత్త బండ్లలో చాలవాటికి మొదటి గేరు క్రిందికి, తక్కినవి పైకి. పాత బుల్లెట్టునకు మొదటి గేరు పైకి, తక్కిన మూడును క్రిందికి. కావున కంగారులో కుడికాలు క్రిందికి నొక్కినచో బండి నిలుచుటకు మారుగా పై గేరునకు పోవ జూచును. వేగము తగ్గించుకొనవలసిన క్షణము వ్యర్థమగును.

ఈ తేడా ఎట్లు వచ్చెనో తెలిసికొనుట మంచిది. బుల్లెట్టు అను పేరు మొట్టమొదట 1932లో ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణపు ఎన్‌ఫీల్డు కంపెనీవారు తమ బండికి పెట్టినది. ఆ దేశపు కంపెనీలు ఆ కాలమున గేరును కుడి ప్రక్కనే అమర్చెడివి. స్వాతంత్ర్యము వచ్చిన కొలది యేండ్లకు మన సైన్యము సరిహద్దుల కాపలా కొఱకు ఈ బండ్లను కొనెను. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు ఇండియా కంపెనీ యేర్పడి వాటిని ఇక్కడనే కూర్చుట ప్రారంభించెను. తరువాత 1970వ దశకమున అమెరికా ప్రభుత్వము గేరు ఎడమ ప్రక్కనే యుండవలెనని నియమము చేయగా, ఇంగ్లండు కంపెనీలు సయితము తమ బండ్లను మార్చుకొనెను. మద్రాసు బుల్లెట్టు మాత్రము ఈ శతాబ్దపు తొలి యేండ్ల వఱకును పాత పద్ధతినే నిలుపుకొనెను. ఇంగ్లండులో ఆ కంపెనీ 1970 నాటికి మూతపడినను, అక్కడి యలవాటు మన యూళ్లలో ఇంకను కాళ్ల క్రింద మిగిలియున్నదన్నమాట.

అందుచేత పాత బుల్లెట్టు విషయమున అందఱికన్న ఎక్కువ ప్రమాదములో నుండువాడు ఏమియు రానివాడు గాదు. క్రొత్త బండిని బాగుగా నేర్చినవాడు. ఏమియు రానివానికి మఱచిపోవలసినది లేదు. నేర్చినవాని కుడికాలు, ఆపద వచ్చినప్పుడు, మనస్సును అడుగకయే పనిచేయును. మామూలుగా తీరికతో పోవునప్పుడు ఇతడు చక్కగానే నడుపును; మూడు నాలుగు దినములు నడిపి "నాకు వచ్చేసింది" అనుకొనును. వచ్చినదో లేదో తెలియునది లారీ యాగినప్పుడే. నా యెఱిగిన యొక వృద్ధ మెకానిక్కు క్రొత్తవారికి ఇట్లు నేర్పును: బండిని స్టాండు మీద నిలిపి, ఇంజను ఆపి, దానిపై కూర్చుండబెట్టును, తాను ఎదుట నిలిచి మాటల నడుమ ఉన్నట్టుండి చేతులు చఱచి "ఆపు!" అని కేకవేయును. ఎడమకాలును, కుడిచేయియు ఒక్కసారి కదలువఱకు, దినములు పట్టినను, బండిని రోడ్డెక్కనీయడు. ఇందులో హాస్యమున్నను ఇంతకు మించిన పద్ధతి నాకు తోచలేదు. నేర్చుకొను నెలలో ఇంటనున్న క్రొత్త బండిని ముట్టకుండుటయు అవసరమే. ఒకే దినమున రెంటిని నడిపినచో కాళ్లకు రెండు పాఠములును రావు.

ఇక కిక్కు సంగతి. ఇందులో నేనే దెబ్బతిన్నవాడను గనుక కొంత అధికారముతో చెప్పగలను. ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని వచ్చిన క్రొత్తలో మా మామగారి బుల్లెట్టును, ఆయన లేని వేళ, రబ్బరు చెప్పులతో కొట్టబోతిని. కిక్కు లివరు వెనుకకు తన్నగా మోకాలి క్రింద ఎముకపై తగిలిన దెబ్బ పదునైదు దినములు కుంటించెను. తరగతిలో పిల్లలు అడిగిన మెట్లమీద జాఱితినని చెప్పితిని. ఆ యసత్యమును ఇక్కడ ఒప్పుకొనుచున్నాను.

అది యేల తన్నును? ఇంజనులో ముషలకము పైకి వచ్చి పెట్రోలు ఆవిరిని, గాలిని అదిమిపెట్టును. అది శిఖరమును చేరుటకు కొంచెము ముందుగనే ప్లగ్గు నిప్పురవ్వను విడుచును. వేగముగా తిరుగు ఇంజనులో ముషలకము ఆ విసురుతోనే శిఖరమును దాటిపోవును. కాని మనము సంకోచముతో సగము కిక్కు కొట్టినప్పుడు దానికి ఆ విసురు చాలదు. పేలుడు దానిని వచ్చిన దారినే వెనుకకు నెట్టును. ఆ దెబ్బ కిక్కు లివరు ద్వారా మన కాలికి చేరును. కావున బలము చాలకపోవుట కన్న భయపడి కొట్టుట ఎక్కువ హాని.

సరియైన పద్ధతి యిది. తాళము త్రిప్పి, గేరు న్యూట్రలులో నున్నదని చూచుకొని, కిక్కును కాలితో మెల్లగా అదుమవలెను. హెడ్‌లైటు మీద చిన్న గడియారము వలె నున్న అంపియరు మీటరును చూడుడు. పాయింట్లు కలిసియున్నప్పుడు ముల్లు ఒక ప్రక్కకు వ్రాలును, విడిపోగానే నడిమికి వచ్చును. ముల్లు నడిమికి వచ్చి, కాలికి గట్టిగా అడ్డు తగిలినచో ముషలకము శిఖరమునకు చేరువలో నున్నదని యర్థము. అప్పుడు ఎడమచేతి ప్రక్కనున్న డీకంప్రెషరు లివరును నొక్కినచో పొగ పోవు వాల్వు తెఱచుకొని లోపలి యొత్తిడి పోవును. కిక్కును మఱి కొంచెము దించి, లివరు విడిచి, కిక్కును పైకి రానిచ్చి, తరువాత దేహపు బరువంతయు మోపి చివరంట ఒక్క త్రొక్కు త్రొక్కవలెను. కాలికి బూటు ఉండవలెను. మోకాలు బిగదీయరాదు.

వేడిగా నున్న ఇంజను లేవకపోయిన చోకు వేసి మఱల మఱల కొట్టుట ఇంకొక పొరపాటు. రెంటచింతల వేసవి యెట్టిదో మనకు ఒకరు చెప్పనక్కఱలేదు. ఆ యెండలో ఆగిన బండికి అదనపు పెట్రోలు అక్కఱలేదు; చోకు వేసినచో లోపల పెట్రోలు నిండి ప్లగ్గు తడియును. అప్పుడు పెట్రోలు కుళాయి కట్టి, తాళము తీసి, ఎక్సిలేటరు పూర్తిగా త్రిప్పి, డీకంప్రెషరు నొక్కి నాలుగైదు మారులు కిక్కు త్రొక్కినచో లోపలిది బయటికి పోవును. ఇంటికి రాగానే కుళాయి కట్టుట మఱచువారికి మఱునాటి ఉదయము ఇదే చిక్కు.

జావా, యెజ్డీ బండ్లవారికి ఈ బాధ తక్కువ. 1961 మొదలు 1996 వఱకు మైసూరులో తయారైన ఆ బండ్లకు కిక్కు లివరే మడిచిన గేరు లివరగును. దానిని సరిగా మడువకయే బయలుదేరుట అక్కడి తొలి పొరపాటు. అంతకన్న పెద్దది నూనె విషయము. ఈ రెండు స్ట్రోకుల ఇంజనులలో చక్రదండమునకు వేఱుగా నూనె తొట్టి లేదు; పెట్రోలులో కలిపిన నూనెయే లోపలికి పోయి తడుపును. ఇంచుమించుగా 25 లీటర్ల పెట్రోలునకు 1 లీటరు, అనగా లీటరునకు 40 మిల్లీలీటర్ల నూనె యని లెక్క; ఎవరి బండి పుస్తకములోని పాలు వారు చూచుకొనవలెను. నూనె కలుపక పెట్రోలు మాత్రమే పోయించుకొని పోయినవాని ఇంజను కొలది దూరములోనే బిగిసిపోవును.

నూనె కలిపినవారు సయితము దోర్నాల మీదుగా శ్రీశైలము ఘాటు దిగునప్పుడు మోసపోవుదురు. పల్లముగదా యని ఎక్సిలేటరు పూర్తిగా మూసి గేరులోనే జాఱవిడుతురు. ఎక్సిలేటరు మూయగానే పెట్రోలు తగ్గును, దానితో నూనెయు తగ్గును. ఇంజను మాత్రము చక్రముల బలముచే వేగముగా తిరుగుచునే యుండును. నాలుగు స్ట్రోకుల బుల్లెట్టునకు ఇది మేలైన పద్ధతియే. రెండు స్ట్రోకుల బండికి ఎండిన గొంతుతో పరుగెత్తించుటయే. నడుమ నడుమ క్లచ్చి పట్టి ఎక్సిలేటరును కొంచెము త్రిప్పి విడుచుచుండవలెను.

బ్రేకులను గూర్చి రెండు మాటలు. పాత బండ్లకు డ్రమ్ము బ్రేకులే. ముందు బ్రేకు పట్టిన బోర్లపడుదుమని భయపడి చాలమంది దానిని ముట్టనే ముట్టరు. ఆపునప్పుడు బరువు ముందు చక్రము మీదికి వచ్చును గనుక ఆపు శక్తి యెక్కువ దానిలోనే యున్నది. మెల్లగా బిగించుచు రెంటిని కలిపి వాడవలెను. అట్లు వాడినను క్రొత్త డిస్కు బ్రేకులంత త్వరగా ఇవి నిలుపలేవు. ముందు బండికి దూరము రెట్టింపు విడుచుట మంచిది. వర్షాకాలమున వాగు దాటినపుడు డ్రమ్ములో నీరు చేరి బ్రేకు పట్టదు. దాటిన వెంటనే మెల్లగా పోవుచు బ్రేకును తేలికగా నొక్కి పట్టినచో ఆ వేడికి ఆఱును.

తలిదండ్రులకు ఒక్క విన్నపము. 1988 నాటి చట్టము ప్రకారము గేరు బండి నడుపుటకు 18 ఏండ్లు నిండవలెను. 2019లో చేసిన సవరణచే బాలుడు నడిపి నేరము జరిగినచో తండ్రికో, సంరక్షకునికో 25,000 రూపాయల జరిమానాయు, మూడేండ్ల వఱకు శిక్షయు ఉన్నవి. ఇంటి బండియే గదా, వీథి చివఱ వఱకే గదా యనుట చట్టమునకు వినబడదు.

ఆ యువకుని తల్లి ఒకనాడు పాఠశాలకు వచ్చి నన్ను అడిగెను: "మాస్టారూ, అది వాళ్ల నాన్న బండి. అమ్మబుద్ధి కాదు. వీడి చేతికియ్యాలంటే గుండె దడ. ఏం చెయ్యమంటారు?" నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. మఱునాడు ఆమెను, కుమారుని వెంటబెట్టుకొని పైన చెప్పిన వృద్ధ మెకానిక్కు వద్దకు పోతిని. కట్టు విప్పి రెండు నెలలైనది. ఇప్పుడు శనివారము ఉదయమున ఊరి వెలుపలి ఖాళీ నేలలో ఆ తల్లి చింతచెట్టు నీడను కూర్చుండి చూచుచుండగా, అతడు పది గజముల కొకసారి ఎడమకాలితో బండి నాపుచున్నాడు. మొన్న పండ్రెండు మారులలో ఒక్కసారి మాత్రమే కుడికాలు కదలినదట.