చలి కొండల్లో బస ఎక్కడ? ముందే విచారించుకుంటే యాత్ర హాయి

అరకులోయ: కార్తీక వనభోజనాలు మొదలుకొని సంక్రాంతి సెలవులు ముగిసేదాకా విశాఖ మన్యానికి యాత్రికుల తాకిడి ఉంటుంది. పసుపు దుప్పటి పరచినట్లున్న వలిసె చేలు, తెల్లవారుజామున లోయలను కప్పివేసే మంచు చూడడానికి శని, ఆదివారాలలో ఘాట్ రోడ్డు మీద కార్లు, బస్సులు బారులు తీరుతాయి. చీకటిపడే వేళకు ముసలివారిని, పిల్లలను, మూటాముల్లెను వెంటబెట్టుకుని రూము కోసం లాడ్జి లాడ్జికీ తిరిగే కుటుంబాలు కూడా ప్రతి సీజనులోనూ కనిపిస్తాయి. ఎక్కడో ఒకచోట తల దాచుకుంటే చాలునన్న ధీమాతో బయలుదేరడమే ఇందుకు కారణం.

పట్టణంలో లాడ్జి అంటే నిద్రపోవడానికి మాత్రమే. కొండ మీద లెక్క వేరు. డిసెంబరులో సాయంత్రం అయిదున్నరకే ప్రొద్దు గుంకుతుంది. ఆరు దాటితే చూడడానికి ఏమీ ఉండదు, ఘాట్ రోడ్డు మీద ప్రయాణం క్షేమమూ కాదు. మంచు విడి ఎండ పొడ కనిపించేసరికి మర్నాడు ఎనిమిదవుతుంది. అంటే రోజులో 14 గంటలు గడిచేది బసలోనే. యాత్రలో సగానికి పైగా గదిలోనే ఉన్నప్పుడు ఆ గదిని ఆఖరి నిముషానికి వదిలివేయడం తెలివైన పని కాదు.

ముందు ఊరు, తరువాత హోటలు

మన్యం అంతా ఒకటే అనుకోవడం మొదటి పొరపాటు. దేనికోసం వెళుతున్నారో తేల్చుకుంటే ఎక్కడ దిగాలో తెలుస్తుంది.

వయసు మళ్ళినవారు, చిన్నపిల్లలు వెంట ఉన్నవారికి అరకు పట్టణమే అనుకూలం. విశాఖ నుంచి రోడ్డు మార్గాన సుమారు 115 కిలోమీటర్లు. ఉదయం బయలుదేరే కిరండూల్ ప్యాసింజరు 50కి పైగా సొరంగాలు దాటుకుంటూ నాలుగు గంటలలో చేరుస్తుంది. అద్దాల బోగీ 2017లో వచ్చిన తరువాత ఈ రైలుకు గిరాకీ మరీ పెరిగింది. గిరిజన మ్యూజియం, పద్మాపురం తోటలు దగ్గరలోనే ఉన్నాయి. మందుల షాపులు, భోజన హోటళ్ళు, అన్ని రకాల అద్దెల గదులు ఇక్కడే దొరుకుతాయి.

సందడి వద్దనుకునేవారు ఘాట్ దారిలోనే ఉన్న అనంతగిరి, టైడా వైపు చూడవచ్చు. కాఫీ తోటల నీడ, నిశ్శబ్దం అక్కడి సొత్తు. బొర్రా గుహలు కూడా దగ్గర. అయితే రాత్రి ఎనిమిది తరువాత పాల ప్యాకెట్టు కావాలన్నా కష్టమే. బస చేసిన చోట వండి పెట్టకపోతే పస్తే.

వంజంగి కొండపై నుంచి మేఘాల సముద్రం చూడాలంటే సూర్యోదయానికి ముందే శిఖరం చేరాలి. అందుకు జిల్లా కేంద్రమైన పాడేరులో బస చేయాలి. అరకులో గది తీసుకున్నవారు అర్ధరాత్రి దాటగానే లేచి సుమారు 45 కిలోమీటర్లు చీకట్లో కొండదారిన రావలసి ఉంటుంది.

ఇక లంబసింగి. కొర్రబయలు అని దీనికి మరో పేరు. రాత్రి ఆరుబయట ఉన్నవాడు తెల్లారేసరికి కొయ్యబారిపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. కొన్ని సంవత్సరాలలో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు దిగుతుంది. ఇక్కడ డేరాల బసలు ఎక్కువ. కుర్రకారుకు సరదాయే గాని ఉబ్బసం, కీళ్ళనొప్పులు ఉన్నవారికి డేరా పనికిరాదు. అరకు నుంచి ఇది సుమారు 90 కిలోమీటర్లు. విశాఖ నుంచి నేరుగా వచ్చేవారు నర్సీపట్నం మీదుగా రావడం సులువు.

రెండు రోజుల సెలవులో ఒకే గది తీసుకుని ఈ నాలుగూ చుట్టివద్దామనుకునేవారికి మిగిలేది కారు కిటికీలోంచి చూసిన కొండలే.

పైన పటారం

దూరపు కొండలు నునుపు అన్న సామెత ఫోనులో చూసే హోటలు ఫొటోలకు సరిగ్గా సరిపోతుంది. ఫొటోలో మంచు కనిపిస్తుంది గాని తలుపు సందులోంచి వచ్చే చలిగాలి కనిపించదు. పేరులో 'అరకు' ఉన్నంత మాత్రాన ఆ బస అరకులోనే ఉందనుకోరాదు. రైల్వే స్టేషను నుంచి ఎన్ని కిలోమీటర్లు, ఆఖరి కిలోమీటరు తారురోడ్డా, మట్టిదారా అని సూటిగా అడగాలి.

అడ్వాన్సు పంపేముందు ఫోను చేసి ఈ సంగతులు కూడా తేల్చుకోవడం మంచిది.

వేడినీళ్ళు ఏయే వేళల్లో ఇస్తారు? గదిలో గీజరు ఉందా, బకెట్లతో తెస్తారా? కరెంటు పోతే జనరేటరు ఉందా? మనిషికి ఎన్ని కంబళ్ళు ఇస్తారు? అదనపు పరుపుకు ఎంత? రాత్రి భోజనం ఎన్ని గంటల వరకు దొరుకుతుంది? కారు డ్రైవరు పడుకోవడానికి చోటు ఉందా? రాత్రంతా చలిలో ముడుచుకుని కారులో కూర్చున్న మనిషి చేతిలోనే మర్నాడు ఘాట్ రోడ్డు మీద మన ప్రాణాలు ఉంటాయని మరచిపోరాదు.

గది అద్దె 24 గంటలకా, పగలు ఇంత గంటకు ఖాళీ చేయాలన్న లెక్కా అన్నది మరో ముఖ్యాంశం. రైలులో వచ్చేవారు మధ్యాహ్నం లోపే దిగుతారు. గది రెండు గంటలకు గాని ఇవ్వమంటే పిల్లలతో రోడ్డు మీద నిలబడాలి. తిరుగు ప్రయాణం రోజున సాయంత్రం దాకా సామాను ఉంచనిస్తారో లేదో కూడా కనుక్కోవాలి.

ప్రాణాల మీదికి తెచ్చే వెచ్చదనం

చలికి తాళలేక కొందరు తలుపులు, కిటికీలు బిగించి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకుంటారు. ఇది ప్రాణాంతకం. రాజుకున్న బొగ్గుల నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనిషిని చంపగలదు. డేరాలోనూ ఇదే ప్రమాదం. చలిమంట ఆరుబయటే కాచుకోవాలి. స్నానాల గదిలో గ్యాస్ గీజరు ఉంటే గాలి బయటకు పోయే మార్గం ఉందో లేదో చూసుకోవాలి. అటువంటి మార్గం లేని గది ఎంత చౌకగా వచ్చినా వద్దనడమే మేలు.

డబ్బు దగ్గర జాగ్రత్త

క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, మళ్ళీ సంక్రాంతికి గదులు దొరకడం గగనం. అద్దెలకు రెక్కలొస్తాయి. వీలున్నవారు సోమవారం నుంచి గురువారం లోపు వస్తే అదే గది తక్కువకు దొరికే అవకాశం ఉంది. వలిసె పూలు కోరేవారు నవంబరు, డిసెంబరు నెలల్లోనూ, గట్టి చలి కోరేవారు డిసెంబరు రెండవ పక్షం నుంచి జనవరి వరకూ రావచ్చు.

చెప్పిన అద్దెలో పన్ను కలిసి ఉందో లేదో అడగాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ.7,500 వరకు అద్దె గల గదులపై జీఎస్‌టీ 5 శాతానికి తగ్గింది. అంతకు మించిన గదులపై 18 శాతం ఉంటుంది. భోజనం బిల్లులో సర్వీసు ఛార్జీ దానంతట అదే కలిపివేయరాదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది.

పర్యాటక సంస్థ హోటళ్ళకు గది కావాలంటే ఆ సంస్థ సొంత వెబ్‌సైటులోనే బుక్ చేసుకోవాలి. సగం ధరకే గది అంటూ ఎవరో ఒకరి సొంత నెంబరుకు డబ్బు పంపమంటే అనుమానించవలసిందే. మోసపోయినవారు వెంటనే 1930కు ఫోను చేయాలి. బిల్లుల తగవులకు జాతీయ వినియోగదారుల నెంబరు 1915 ఉంది.

ఆ డబ్బు ఎవరికి?

ఇది గిరిజనుల నేల. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1970లో వచ్చిన '1/70' చట్టం కట్టడి చేసింది. ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కనుక ఈ బస ఎవరిది, ఎవరు నడుపుతున్నారు అని అడగడం తప్పు కాదు. స్థానిక గిరిజన కుటుంబాలు తమ ఇళ్ళలోనే యాత్రికులకు బస ఇస్తున్న పల్లెలు ఉన్నాయి. అక్కడ స్నానాల గది బయట ఉండవచ్చు, మంచం చిన్నది కావచ్చు. వేడి వేడి అన్నం, నాటుకోడి కూర మాత్రం ముందురోజే చెబితే అమరుతాయి. ఇచ్చిన అద్దె ఆ ఊళ్ళోనే ఉంటుంది. అలాంటి చోట అడగకుండా ఫొటోలు తీయరాదు. ఖాళీ సీసాలు, ప్లాస్టిక్ సంచులు తెచ్చినవారే తిరిగి పట్టుకుపోవాలి.

ఎన్ని విచారించి వచ్చినా చేరిన రోజు ఒక్క పని మరువరాదు. సామాను దించకముందే గది చూడాలి. కుళాయి తిప్పాలి, దుప్పటి విప్పాలి, తలుపు గడియ వేసి చూడాలి. నచ్చకపోతే మరోచోటు వెతుక్కోవడానికి ఇంకా పగటి వెలుతురు మిగిలి ఉండాలి. అందుచేత సాయంత్రం నాలుగు గంటల లోపే బసకు చేరేటట్లు ప్రయాణం పెట్టుకోవడం అన్ని విధాలా శ్రేయస్కరం.