ఇనుముకు ఇసుక కవచం

కృష్ణగిరి నేలకు ఇనుము పాత చుట్టమే. ఈ జిల్లా మయిలాడుంపారై తవ్వకాల్లో ఇనుప వస్తువులు దొరికిన పొర క్రీ.పూ. 2172 నాటిదని తమిళనాడు ప్రభుత్వం 2022లో ప్రకటించింది. గ్రానైట్ గుట్టల్లో తెల్లగా మెరిసే పలుగురాయి సిలికాయే. ఇనుము, సిలికా నానోమీటర్ల కొలతలో జతకట్టిన కథ మాత్రం నిన్నమొన్నటిది.

1963లో నాసా ఇంజినీరు స్టీవ్ పాపెల్, భారం తెలియని అంతరిక్షంలో రాకెట్ ఇంధనాన్ని అయస్కాంతంతో లాగాలనుకున్నాడు. అందుకోసం మాగ్నెటైట్ అనే అయస్కాంత ఇనుప ఖనిజాన్ని మెత్తగా నూరి ద్రవంలో కలిపాడు. ఆ నూరుడు బాధ తప్పించినవాడు ఫ్రాన్స్‌కు చెందిన రెనే మస్సార్. 1981లో ఆయన చూపిన దారి ఇది: ఫెర్రస్ లవణం ఒక పాలు, ఫెర్రిక్ రెండు పాళ్లు నీళ్లలో కరిగించి అమ్మోనియా పోయాలి. నారింజ రంగు ద్రావణం చూస్తుండగానే కారునలుపుకు తిరుగుతుంది.

అయితే ఆ నలుపుకు కారణమైన మాగ్నెటైట్ రేణువులు ఉన్నట్టు ఉండవు. ముద్దకడతాయి, గాలి తగిలి గోధుమరంగుకు మారతాయి, ఆమ్లంలో కరిగిపోతాయి. విరుగుడు 1968లోనే సిద్ధమైంది. స్టోబర్, ఫింక్, బోన్ అనే ముగ్గురు ఆల్కహాలులో టియోస్ అనే సిలికాన్ సమ్మేళనం, కాస్త నీరు, అమ్మోనియా కలిపి నున్నటి సిలికా గుళికలు చేశారు. ఆ ద్రావణంలో ఇనుప రేణువులుంటే సిలికా వాటిమీదే పొరగా పేరుకుంటుంది. టియోస్ చుక్కచుక్కగా పడాలి. తొందరపడి పోస్తే సిలికా విడి గుళికలై పోతుంది, ఇనుము బోసిగా మిగులుతుంది.

2020లో కోవిడ్ పరీక్షలకు అనేక ల్యాబులు వాడింది ఇలాంటి గుళికలనే. తగిన లవణాల సమక్షంలో వైరస్ ఆర్ఎన్ఏ సిలికాకు అతుక్కుంటుంది, అయస్కాంతం దాన్ని గుళికతో సహా పక్కకు లాగుతుంది. లోపలి రేణువులు పది నానోమీటర్ల వంతున ఉంటే అయస్కాంతం తీయగానే ఆకర్షణ పోయి గుళికలు మళ్లీ విడివిడిగా తేలతాయి.

పొర నిజంగా పట్టిందా? ఎక్స్‌రే వివర్తనంలో మాగ్నెటైట్ ముఖ్య శిఖరం 35.5 డిగ్రీల దగ్గర నిలువుగా లేస్తుంది. సిలికా స్ఫటికం కాదు కనుక 20-25 మధ్య వెడల్పాటి ఉబ్బు మాత్రమే కనిపిస్తుంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో నల్లటి మధ్యభాగం చుట్టూ లేత వలయం ఉండాలి. గ్రాముకు అయస్కాంత బలం తగ్గిందని బెంగపడనక్కర్లేదు, సిలికా బరువు కలిసిందంతే.

నాకు ఎక్కువ నమ్మకం మాత్రం ఆమ్ల పరీక్షమీదే. చిటికెడు పొడిని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేసి వదలండి. పొర లేనిది కరిగి ద్రావణాన్ని పసుపు చేస్తుంది, నిండుగా పట్టినది నల్లగానే నిలుస్తుంది. హోసూరు, కృష్ణగిరి కాలేజీల్లో కెమిస్ట్రీ చదువుతున్న మన పిల్లలకు నా మాట ఒక్కటే: అయస్కాంతానికి అతుక్కుంది కదా అని సంబరపడకండి, ఆమ్లంలో నిలిచాకే పొర పట్టిందని రాయండి.